మెటాలికా మాకు తలకిందులుగా వచ్చింది

1999లో, విశాఖపట్నంలో, మా హాస్టల్ రూములో ఒక టూ ఇన్ వన్‌ని, అంటే రేడియో, టేపు రికార్డర్ కలిసిన పెట్టెని, నలుగురం కలిసి చంపేశాం. నిజానికి అది నాది కూడా కాదు. చిన్న మావయ్య మస్కట్ నుంచి తెచ్చి మా అమ్మకిస్తే, అమ్మ అన్నమయ్య కీర్తనలు వింటూ ఉంటే, నేను చదువుకోడానికి పనికొస్తుందని అబద్ధం చెప్పి పట్టుకొచ్చాను.

హత్యకి కారణం ఒక క్యాసెట్. అమెరికా హెవీ మెటల్ బ్యాండు మెటాలికా 1988లో చేసిన 'అండ్ జస్టిస్ ఫర్ ఆల్' ఆల్బమ్‌ని జగదాంబ దగ్గర ఒక రికార్డింగ్ షాపులో తొంభై నిమిషాల ఖాళీ క్యాసెట్ మీద ఎక్కించుకుని తెచ్చాం. ఆ షాపాయన దగ్గర ఇంగ్లీషు పాటలు తక్కువే, ఏ సీనియర్ ఇచ్చిన క్యాసెట్ నుంచో ఆయనొక కాపీ ఉంచుకునేవాడు, దాన్నుంచి మాకో కాపీ. సరే, వేశాం. గిటార్లు కొడవళ్లలా కోస్తున్నాయి, డ్రమ్ము టకటకమంటోంది, కింద మాత్రం ఖాళీ. కింది స్వరాల్లో బరువుగా మోగే బేస్ గిటార్ అనేదే లేదు. టేపుని చదివే హెడ్‌కి మట్టి పట్టిందేమోనని స్పిరిట్, దూది తెచ్చి తుడిచాం. మార్పు లేదు. హెడ్ పక్కన చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని తిప్పితే సౌండు మారుతుందని ఎవడో అన్నాడు, తిప్పాం. స్పీకర్ విప్పాం. వైర్లు అటుదిటు చేశాం. చివరికి ఆ టూ ఇన్ వన్ ఏ క్యాసెట్ వేసినా నీళ్లలోంచి మాట్లాడినట్టు మాట్లాడేది, ఆ తర్వాత అదీ మానేసింది.

మా రూమ్మేట్ ఒకడుండేవాడు, అందరం 'తాత' అనేవాళ్లం. జూన్‌లో కూడా మఫ్లర్ కట్టుకుని పడుకునేవాడు కాబట్టి ఆ పేరు. బొబ్బిలి దగ్గర పల్లెటూరు. వాళ్ల నాన్నగారు పెళ్లిళ్లకి డోలు వాయించేవారు, వాడు చిన్నప్పుడు సీజన్లో ఆయన వెంట ఊళ్లు తిరిగాడు. అందుకేనేమో మేమంతా గిటార్లు వింటుంటే వాడొక్కడే కింద నడిచేది వినేవాడు. ఆ రోజు విప్పేసిన స్పీకర్ ముందు కూర్చుని, "ఏటిరా ఇది, డోలు లేకుండా సన్నాయి ఊదీసినట్టుంది" అన్నాడు.

మా టూ ఇన్ వన్ తప్పేమీ లేదని తెలియడానికి ఇంకో రెండేళ్లు పట్టింది. ఆ ఆల్బమ్ అంతే. అమెరికాలో కొత్త క్యాసెట్ కొనుక్కున్నవాడికి కూడా అంతే. బ్యాండు వాళ్లే బేస్ తగ్గించేశారు. మిక్సింగ్ చేసినవాళ్లలో ఒకడైన స్టీవ్ థాంప్సన్ తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పాడు, డ్రమ్మర్ లార్స్ ఉల్రిక్ దగ్గరుండి తగ్గించమన్నాడని. మా అమ్మకి ఈ సంగతి ఇప్పటికీ చెప్పలేదు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఆ రోజుల్లో మాకు ఒక బ్యాండు చరిత్ర అనేది వరసలో వచ్చేది కాదు. దొరికిన క్యాసెట్ దొరికినట్టు వచ్చేది. ఇప్పుడైతే ఫోన్లో వరసగా సంవత్సరాలతో సహా ఉంటుంది, ఏది ముందో ఏది వెనకో చిన్నపిల్లాడు చెప్తాడు. మాకు మెటాలికా మధ్యలోంచి మొదలై, ముందుకెళ్లి, వెనక్కి వచ్చి, అక్కడక్కడా చిరిగిన సీరియల్లా వచ్చింది. మనిషి చనిపోయిన పదమూడేళ్లకి మాకు కబురందింది.

మొదట దొరికింది 'బ్లాక్ ఆల్బమ్'. 1998లో, ఫస్ట్ ఇయర్. ర్యాగింగ్ పేరుతో ఒక సీనియర్ రాత్రంతా రికార్డు రాయించుకుని, పొద్దున్న జాలేసి ఆ క్యాసెట్ ఇచ్చాడు. నల్ల అట్ట, దాని మీద కనీకనపడని పాము. 1991 ఆగస్టులో వచ్చిన ఆల్బమ్ అది, బ్యాండు పేరే ఆల్బమ్ పేరు. అమెరికాలోనే కోటిన్నరకి పైగా అమ్ముడైంది. బాబ్ రాక్ అనే ప్రొడ్యూసర్ వీళ్ల మెడలు వంచి పాటల్ని పొట్టిగా, బరువుగా చేయించాడు. ఇవేమీ అప్పుడు తెలీదు. తెలిసిందల్లా ఒకటే, 'ఎంటర్ శాండ్‌మ్యాన్' మొదట్లో ఆ గిటారు చిన్నగా మొదలై, మెట్టుమెట్టుగా బరువెక్కి మీద పడుతుంటే నేను మంచం మీద లేచి కూర్చున్నాను. అప్పటిదాకా ఇంగ్లీషు పాటలంటే నాకు మైకేల్ జాక్సన్, అంతే.

తర్వాత దొరికింది 'లోడ్', 1996ది. దాని లోపలి ఫొటోల్లో అందరికీ క్రాపులు, కళ్లకి కాటుకలు. బ్లాక్ ఆల్బమ్ ఫొటోల్లో జుట్టు నడుం దాకా ఉన్నవాళ్లు వీళ్లేనా అని మాకు అనుమానం, షాపాయన వేరే బ్యాండు అంటగట్టాడని వెళ్లి గొడవ పెట్టుకున్నాం. పాపం ఆయన "నాకేం తెలుసు బాబూ, అట్ట మీద అదే పేరుంది కదా" అన్నాడు. అమెరికాలో కూడా ఆ జుట్టు కత్తిరింపు మీద అభిమానులు ఇంతకంటే పెద్ద గొడవే చేశారని తర్వాత చదివాను.

ఇక అసలు సంగతి, 'మాస్టర్ ఆఫ్ పపెట్స్'. 1986 మార్చిలో వచ్చింది. మాకు చేరింది 1999 చివర్లో, తాత ఎక్కడో సంపాదించాడు, పక్క రూము వాళ్ల టేపు రికార్డర్లో (మాది అప్పటికే స్వర్గస్తురాలు) రాత్రి పది దాటాక తక్కువ సౌండులో విన్నాం. ఎనిమిదేసి నిమిషాల పాటలు. వేగం చూస్తే ఊపిరాడదు. అందులో 'ఓరియన్' అని ఒకటుంది, మాటలు లేవు, మొత్తం వాయిద్యాలే. మధ్యలో అన్నీ ఆగిపోయి బేస్ గిటార్ ఒక్కటే నెమ్మదిగా నడుచుకుంటూ వస్తుంది, దాని చుట్టూ మిగతావన్నీ ఒక్కొక్కటిగా చేరతాయి. అక్కడ తాత వెనక్కి తిప్పడం మొదలెట్టాడు. మళ్లీ వేయడం, మళ్లీ తిప్పడం. "ఈడు కదరా వాయించేవాడు" అన్నాడు. అంటే, ఆ డోలు లేని క్యాసెట్లో వాయించింది వీడు కాదని వాడికి పేరు కూడా తెలియకుండానే అర్థమైపోయింది.

ఆ పేరు కనుక్కోడానికి ఎంవీపీ కాలనీలో నెట్ సెంటర్‌కి వెళ్లాం. గంటకి నలభై రూపాయలు, అంటే రెండు పూటల భోజనం. ఒక పేజీ తెరుచుకోడానికి టీ తాగి రావచ్చు. అలా బొమ్మ పైనుంచి కిందికి గీత గీతగా దిగింది. పొడుగు జుట్టు, బెల్‌బాటమ్ ప్యాంటు, నవ్వు మొహం. క్లిఫ్ బర్టన్. కింద రెండు సంవత్సరాలు: 1962, 1986.

ఆ పేజీ మొత్తం చదివాం, ఇంకో నలభై కట్టి. 1981లో లాస్ ఏంజిలిస్‌లో లార్స్ అనే డెన్మార్క్ కుర్రాడు పేపర్లో ప్రకటన ఇస్తే గిటార్ వాయిస్తూ పాడే జేమ్స్ హెట్‌ఫీల్డ్ వచ్చి కలిశాడు. వాళ్లకి క్లిఫ్ కావాల్సి వచ్చింది. క్లిఫ్ ఒకటే షరతు పెట్టాడు, నేను మీ ఊరు రాను, మీరే మా శాన్‌ఫ్రాన్సిస్కో వైపు రండి అని. బ్యాండు మొత్తం సామాను సర్దుకుని ఒక్క బేస్ వాయించేవాడి కోసం ఊరు మారింది! తాతకి ఈ ముక్క ఎంత నచ్చిందంటే, తర్వాత కాలేజీలో ఉన్నన్నాళ్లూ ప్రతి విషయానికీ "నాను రాను, మీరే రండి" అనేవాడు, మెస్‌కి పిలిచినా సరే.

1983లో న్యూయార్క్ వెళ్లారు, రిహార్సల్ చేసుకునే బిల్డింగులోనే నేల మీద పడుకున్నారు. అక్కడే ఏప్రిల్లో గిటారిస్టు డేవ్ మస్టెయిన్‌ని, తాగి గొడవలు చేస్తున్నాడని, నిద్ర లేపి లాస్ ఏంజిలిస్ బస్సెక్కించేశారు. దేశం ఈ చివరి నుంచి ఆ చివరికి బస్సు! అతని స్థానంలో కర్క్ హామెట్ వచ్చాడు. మస్టెయిన్ వెళ్లి మెగాడెత్ పెట్టాడు, అదీ పెద్ద బ్యాండే అయింది, కానీ ఆ బస్సు ప్రయాణం ఆయన కడుపులోంచి ఎప్పటికీ దిగలేదు. మొదటి ఆల్బమ్ ఆ జులైలో, రెండోది 1984లో, మూడోది ఈ మాస్టర్. ఆ మూడూ క్లిఫ్‌తోనే.

1986 సెప్టెంబర్ 26 రాత్రి స్టాక్‌హోమ్‌లో కచేరీ అయింది. బస్సులో డెన్మార్క్ వైపు బయల్దేరారు. ఎవరు ఏ బెర్త్‌లో పడుకోవాలని పేకముక్కలు తీస్తే క్లిఫ్‌కి ఇస్పేట్ ఆసు వచ్చింది, కర్క్ పడుకునే బెర్త్ తనకి కావాలన్నాడు. తెల్లవారుజామున బస్సు రోడ్డు దిగి పక్కకి తిరగబడింది. క్లిఫ్ కిటికీలోంచి బయటపడ్డాడు, బస్సు అతని మీద పడింది. ఇరవై నాలుగేళ్లు. రోడ్డు మీద పేరుకున్న మంచుకి బండి జారిందని డ్రైవర్ చెప్తే, హెట్‌ఫీల్డ్ ఆ చలిలో ఒంటి మీద సరైన బట్టలు కూడా లేకుండా రోడ్డు వెంబడి నడుచుకుంటూ మంచు కోసం వెతికాడట. కనపడలేదు. అంత్యక్రియల్లో 'ఓరియన్' వినిపించారు.

పదమూడేళ్ల పాత వార్త. మాకు ఆ సాయంత్రమే జరిగింది. బీచ్ రోడ్డు దాకా నడిచి వెళ్లి కూర్చున్నాం, పెద్దగా ఏమీ మాట్లాడుకోలేదు. తాత బఠాణీలు కొన్నాడు, తినలేదు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, ఎక్కడి కాలిఫోర్నియా, ఎక్కడి బొబ్బిలి. కానీ ముందు రోజు రాత్రే కదా మేము ఆ మనిషిని కలిసింది.

'జస్టిస్' సంగతి ఆ తర్వాత వేరేగా అర్థమైంది. క్లిఫ్ పోయాక నెల తిరిగేసరికి జేసన్ న్యూస్టెడ్ అనే అతన్ని తెచ్చుకున్నారు. తెచ్చుకుని, ఏడిపించారు. హోటళ్లలో తాము తిన్న బిల్లులు అతని రూము లెక్కలో వేయించడం, అతన్ని వదిలేసి వెళ్లిపోవడం, ఇలాంటివి. మా భాషలో ర్యాగింగ్. మాకైతే ఫ్రెషర్స్ డే నాటికి అయిపోయింది, ఆయనకి ఏళ్లు సాగింది. తర్వాత ఆల్బమ్‌లో ఆయన వాయించిందంతా వినపడకుండా చేశారు. నా లెక్కలో అది కోపం ఆయన మీద కాదు, చనిపోయినవాడి కుర్చీలో ఎవరు కూర్చున్నా వాళ్లకి కనపడేది వేరే మనిషి. అయినా తప్పు తప్పే. అన్నట్టు ఆ ఆల్బమ్‌కి 1989లో గ్రామీ వస్తుందని అందరూ అనుకుంటే, హార్డ్ రాక్, మెటల్ విభాగంలో బహుమతి ఫ్లూట్ వాయించే జెథ్రో టల్ బ్యాండుకి వెళ్లింది. మూడేళ్ల తర్వాత బ్లాక్ ఆల్బమ్‌కి గ్రామీ వచ్చినప్పుడు, ఈ ఏడాది ఆల్బమ్ తీయనందుకు జెథ్రో టల్‌కి థాంక్స్ అని లార్స్ స్టేజీ మీదే అంటించాడు.

2000లో రెండు జరిగాయి. ఒకటి, శాన్‌ఫ్రాన్సిస్కో సింఫనీతో కలిసి చేసిన కచేరీ రికార్డింగ్ మా చేతికొచ్చింది. మైకేల్ కేమన్ నడిపించిన ఆర్కెస్ట్రా. సెలవులకి ఇంటికి తీసుకెళ్లి వేస్తే, అప్పటిదాకా నా పాటల్ని "ఆ ఇనప సామాను దుకాణం" అనే మా నాన్న పేపర్ దించి, "వయొలిన్లు బాగున్నాయిరా, ఆ అరిచేవాణ్ణి తీసేస్తే మన ఇళయరాజా రీరికార్డింగే" అన్నారు. అదే మా ఇంట్లో మెటాలికాకి వచ్చిన గ్రామీ.

రెండోది నాప్‌స్టర్, నెట్‌లో ఒకరి పాటలు ఒకరు ఉచితంగా దింపుకునే సర్వీసు. ఇంకా పూర్తికాని తమ పాట ఒకటి రేడియోల్లో వచ్చేస్తుంటే, ఎక్కణ్ణుంచి పాకిందా అని చూసి ఏప్రిల్లో నాప్‌స్టర్ మీద కేసు వేశారు. లార్స్ స్వయంగా వెళ్లి 3,35,435 మంది యూజర్ల పేర్లు అట్టపెట్టెల్లో పెట్టి అప్పజెప్పాడు. మాకు టెన్షన్! ఎందుకంటే తాత, నేను నెట్ సెంటర్‌లో ఒక పాట దింపడానికి మూడు గంటలు పెట్టి, అది తొంభై శాతం దగ్గర కరెంటు పోయి ఆగిపోయిన చరిత్ర ఉంది. ఆ లిస్టులో మా పేరుంటుందేమో అని తాత నిజంగా భయపడ్డాడు. విశాఖపట్నం నెట్ సెంటర్ ఆయన పేరుంటుంది గానీ మన పేరెందుకుంటుందిరా అని నేను ధైర్యం చెప్పాను.

అప్పుడు లార్స్‌ని తిట్టాం. 1982లో వీళ్ల పేరు బయటికొచ్చిందే డెమో క్యాసెట్లు చేతులు మారి కదా, మా జగదాంబ షాపాయన చేసిన పనే కదా అని. ఇప్పుడు చూస్తే, పాటకి నాలుగు పైసలు రాక సినిమా పాటలు రాసేవాళ్లు, వాయించేవాళ్లు పడే ఇబ్బంది చూస్తే, ఆయన చెప్పిన పద్ధతి మొరటుగా ఉంది గానీ చెప్పిన మాటలో కొంత నిజం ఉందనిపిస్తుంది. తాత మాత్రం ఇప్పటికీ ఒప్పుకోడు.

2001 జనవరిలో జేసన్ వెళ్లిపోయాడు. పద్నాలుగేళ్లు చేశాక. వేరే చిన్న బ్యాండు పెట్టుకుంటానంటే హెట్‌ఫీల్డ్ ఒప్పుకోలేదు, ఆయన తలుపు తీసుకుని బయటికి నడిచాడు. అదే ఏడాది హెట్‌ఫీల్డ్ తాగుడు మానడానికి చికిత్సకి వెళ్లాడు. మేము 2002లో డిగ్రీ పట్టా పట్టుకుని బయటికొచ్చేసరికి సాఫ్ట్‌వేర్ కంపెనీలు తలుపులేసుకున్నాయి. అమీర్‌పేటలో ఒక రూము, ఆరుగురం, పొద్దున్న జావా సాయంత్రం ఒరాకిల్, మధ్యలో పునుగులు. మెటాలికా మూతపడింది, మేమూ మూతపడ్డాం అని తాత జోకులేసేవాడు.

2003 జూన్‌లో 'సెయింట్ యాంగర్' వచ్చింది. రూములో అప్పటికి ఒక అసెంబుల్డ్ కంప్యూటర్ ఉంది. వేశాం. డ్రమ్ము... ఏం చెప్పాలి, ఖాళీ స్టీలు బిందెని గరిటెతో కొట్టినట్టుంది. గిటార్ ఒక్కటే ముందుకొచ్చి వాయించే సోలో ఒక్కటి కూడా లేదు. తాత నావైపు చూశాడు, నేను స్క్రూడ్రైవర్ వైపు చూశాను. ఈసారి మాత్రం ఏ యంత్రాన్నీ విప్పలేదు, అనుభవం వచ్చింది కదా. ఆ ఆల్బమ్‌లో బేస్ వాయించింది కూడా ప్రొడ్యూసర్ బాబ్ రాకే, మనిషి లేక.

ఆ ఆల్బమ్ తయారవుతున్నప్పుడు తీసిన డాక్యుమెంటరీ 'సమ్ కైండ్ ఆఫ్ మాన్‌స్టర్' నేను మూడేళ్ల తర్వాత చూశాను, అప్పటికి ఉద్యోగం, మాదాపూర్. మెటాలికా గురించి నా చేత మనసు మార్పించింది ఏదైనా ఉంటే అది ఆ సినిమా. ప్రపంచంలో అందరికంటే గట్టిగా వాయించే మగాళ్లు ఒక థెరపిస్టుని పెట్టుకుని (నెలకి 40,000 డాలర్లు!) సోఫాలో కూర్చుని నా మాట నువ్వు వినట్లేదు అంటే నా మాట నువ్వు వినట్లేదు అని పోట్లాడుకుంటారు. చికిత్స నుంచి వచ్చిన హెట్‌ఫీల్డ్, మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకానే పని చేస్తానంటాడు. నేను లేనప్పుడు రికార్డింగులు కూడా వినకండి అంటాడు. మస్టెయిన్ వచ్చి, ఇరవై ఏళ్ల కిందటి ఆ బస్సు గురించి లార్స్‌ ఎదురుగా కళ్లనీళ్లు పెట్టుకుంటాడు. మా పెదనాన్నల పొలం పంచాయితీ చూస్తున్నట్టే ఉంది నాకు. ఇంత సిగ్గుపడాల్సిన సినిమాని బయటికి వదిలినందుకే వాళ్లమీద గౌరవం పెరిగింది. చివర్లో రాబర్ట్ ట్రుహీయోని బేస్‌కి తీసుకుంటారు, చేతికి పది లక్షల డాలర్లు అంటే అతని మొహం చూడాలి. నాకు జేసన్ గుర్తొచ్చాడు. ఆ ర్యాగింగ్ పాఠం వాళ్లకి పదిహేనేళ్లకి ఒంటబట్టింది.

2008 సెప్టెంబర్ 12న 'డెత్ మాగ్నెటిక్'. సోలోలు వచ్చాయి, పాటలు పొడుగయ్యాయి, పండగ. మూడో రోజున అమెరికాలో లీమన్ బ్రదర్స్ బ్యాంకు కూలింది, మా ఆఫీసులో పండగ అయిపోయింది. ఆ ఆల్బమ్‌లో కూడా సౌండు పేచీ ఒకటి, ఎంత గట్టిగా పెంచేశారంటే పాట గీరుకుపోయినట్టుంటుంది, అదే ఆల్బమ్ గిటార్ హీరో అనే వీడియో గేమ్‌లో శుభ్రంగా వినపడుతుంది. ఆటబొమ్మలో బాగుండి అసలు సీడీలో పాడైన ఆల్బమ్ ఇదొక్కటేనేమో. వీళ్లకి రికార్డింగ్ అచ్చిరాదు, అంతే.

2009 ఏప్రిల్లో మెటాలికాని, రాక్ సంగీతంలో గొప్పవాళ్లని గౌరవించే రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో పెట్టారు. ఆ వీడియో తాత పంపాడు, అప్పటికి వాడు బెంగళూరులో టెస్టింగ్ ఉద్యోగం. జేసన్‌ని పిలిచారు, జేసన్, ట్రుహీయో ఇద్దరూ బేస్‌లు తగిలించుకుని పక్కపక్కన వాయించారు. క్లిఫ్ తరఫున వాళ్ల నాన్న రే బర్టన్ స్టేజీ మీదికొచ్చాడు. కొడుకు పోయిన ఇరవై రెండేళ్ల తర్వాత కూడా ఆ పెద్దాయన ఆ బ్యాండు కచేరీలకి వెళ్తూనే ఉండేవాడట, కొడుకు పాటల మీద వచ్చే డబ్బుని కొడుకు చదివిన స్కూల్లో సంగీతం నేర్చుకునే పిల్లలకి ఇచ్చేవాడని తర్వాతెప్పుడో చదివాను. తాత మెయిల్లో వీడియో లింకు కింద ఒకటే వాక్యం ఉంది: మా నాన్న డోలు అమ్మేశాడు, బ్యాండు మేళాలొచ్చాక ఎవడూ పిలవట్లేదట.

ఇక 2011. మెటాలికా ఇండియా వస్తోంది. అక్టోబర్ 28 గుర్గావ్, 30 బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్. తాత టికెట్లు కొనేశాడు, నన్నడగలేదు కూడా. ఇటు హైదరాబాదులో సకల జనుల సమ్మె నలభై రెండు రోజులు నడిచి అక్టోబర్ 24నే ఆగింది, 26న దీపావళి, అన్ని బళ్లూ నిండిపోయాయి. ఎలాగో శనివారం రాత్రి బస్సులో చివరి వరస సీటు దొరికింది. ఇంతలో శుక్రవారం రాత్రి గుర్గావ్ వార్త: స్టేజీ ముందు బారికేడ్ విరిగింది, కచేరీ వాయిదా అన్నారు, జనం స్టేజీ ఎక్కి సామాను విరగ్గొట్టారు, తర్వాత రద్దు అన్నారు. నేను టీవీ ముందు, తాత ఫోన్లో. పన్నెండేళ్లు ఎదురుచూసి రెండు రోజుల ముందు పోతుందా? మా ఆవిడ "బెంగళూరుది కూడా ఆపేస్తే తాత గారింట్లో రెండ్రోజులు పడుకుని రండి, మీకూ రెస్టు" అంది. అన్యాయం.

ఆపలేదు. ప్యాలెస్ గ్రౌండ్స్‌లో అంత మంది నల్ల టీషర్టులు ఎక్కణ్ణుంచి వచ్చారో! కేరళ కుర్రాళ్లు, షిల్లాంగ్ కుర్రాళ్లు, గుర్గావ్‌లో చూడలేక అప్పటికప్పుడు ఫ్లైటెక్కి వచ్చినవాళ్లు, మా వెనకాల అనంతపురం నుంచి వచ్చిన నలుగురు మెడికోలు. ఇన్నాళ్లూ మన జిల్లాల్లో ఈ పిచ్చి మా ఇద్దరికే ఉందనుకున్నాను. చీకటి పడ్డాక ఇటలీ సంగీత దర్శకుడు మొరికోనే సంగీతం, పాత కౌబాయ్ సినిమాది, స్పీకర్లలో మొదలైంది. 1983 నుంచీ దాదాపు ప్రతి కచేరీకి ముందు వాళ్లు వేసేది అదే. చుట్టూ వేల మంది ఆ రాగాన్ని గొంతెత్తి పాడుతున్నారు, మాటల్లేని రాగం కాబట్టి భాషతో పేచీ లేదు.

తర్వాత వాళ్లొచ్చారు. రికార్డింగుల్లో ఎంత వెతికినా దొరకనిది అక్కడ కాళ్ల కింది నేలలోంచి వచ్చింది. ట్రుహీయో మోకాళ్లు వంచి, బేస్ నేలకి ఆనేంత కిందికి దించి, పీతలా పక్కకి నడుస్తూ వాయిస్తుంటే ప్రతి దెబ్బా రొమ్ముకి తగులుతోంది. 'మాస్టర్ ఆఫ్ పపెట్స్' మొదలైందో లేదో తాత నా భుజం మీద కొట్టడం మొదలెట్టాడు. ఎడమ చేత్తో, పెళ్లిలో డోలు మీద కర్ర పడ్డట్టు, ఒక్క దెబ్బ కూడా తాళం తప్పకుండా. వాడు అరుస్తున్నాడో ఏడుస్తున్నాడో నేను చూళ్లేదు, నా పరిస్థితి కూడా అదే. మర్నాడు ఆఫీసుకి వచ్చేసరికి భుజం నల్లగా కమిలి ఉంది. వారం రోజులుంది. పోతుంటే బాధేసింది.

ఆ తర్వాతవి నాకు వార్తలుగానే గుర్తున్నాయి. 2013 డిసెంబర్లో అంటార్కిటికాలో, అర్జెంటీనా వాళ్ల స్టేషన్లో, ఒక చిన్న గుడారంలో వాయించారు. అక్కడి ప్రకృతికి ఇబ్బంది కలగకూడదని స్పీకర్లు లేవు, వచ్చిన నూట ఇరవై మంది చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నారు. ఏడు ఖండాలూ అయిపోయాయి. 2016లో ఒక ఆల్బమ్, 2023లో ఇంకొకటి. బాగున్నాయి. అంతకంటే చెప్పడానికి లేదు, తప్పు వాళ్లది కాదు, నేను పక్క రూముకి వెళ్లి అరువు టేపు రికార్డర్లో రాత్రి పదింటికి వినట్లేదు కదా.

2022 జులైలో మా అమ్మాయి, అప్పటికి పద్నాలుగు, గదిలోంచి పరిగెత్తుకొచ్చి "నాన్నా, ఒక కొత్త పాట విను" అంది. 'స్ట్రేంజర్ థింగ్స్' సీరియల్లో ఒక కుర్రాడు గబ్బిలాల మధ్య నిలబడి గిటార్ వాయిస్తాడు. 'మాస్టర్ ఆఫ్ పపెట్స్'. ముప్పై ఆరేళ్ల కిందటి ఆ పాట అప్పుడు మొదటిసారి అమెరికా టాప్ 100 లోకి వచ్చింది. ఆ సీన్ కోసం అదనంగా గిటార్ వాయించిన కుర్రాడు ట్రుహీయో కొడుకు టై. నేను ఒక్క ముక్క మాట్లాడకుండా మొత్తం విన్నాను. కొత్త పాట కాదమ్మా అని చెప్పబోయి ఆగిపోయాను. దానికీ మధ్యలోంచే మొదలైంది, నాకైనట్టే.

రాత్రి తాతకి ఫోన్ చేసి చెప్తే, "ఓరియన్ పెట్టు, కానీ ఏటీ చెప్పకు" అన్నాడు. పెట్టాను. చెరో ఇయర్‌ఫోన్. నాలుగు నిమిషాలు దాటాక, అన్నీ ఆగి బేస్ ఒక్కటే నడుచుకుంటూ వచ్చే చోటు ఉందే, అక్కడ నావైపు తిరిగింది.

"ఇందులో పాడేవాడు ఎప్పుడొస్తాడు నాన్నా?"

"రాడు. విను."